బాయిలో నీళ్ళు పడని వీడియో

తాండూరు,
2025 మార్చి 3, సోమవారం.

పూజ్యులైన నర్సప్ప మామ గారి పాదాలకు మేనకోడలు స్నేహలత నమస్కరించి రాసుకునేది. ఇక్కడ అమ్మ, నాన్న, నేను, నా స్టూడియో, అందరం ఉన్నంతలో క్షేమంగానే ఉన్నాం. వికారాబాద్‌లో మీరు, అత్తమ్మ, మనీషా సుఖంగా ఉన్నారని తలుస్తున్నాను.

గౌరవం ఇక్కడితో సరి మామా. ఇక నావల్ల కాదు. "మీరు" అని రాస్తుంటే బ్యాంకు మేనేజరుకు అర్జీ పెట్టుకుంటున్నట్టుంది. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని కథలకు తిప్పినవాణ్ణి నువ్వు అనకపోతే నా నోరు ఊరుకోదు.

ఫోన్ చేయక ఈ ఉత్తరమేమిటి అనుకుంటున్నావేమో. తాండూరు నుంచి ఎవరి ఫోన్ వచ్చినా నువ్వు ఎత్తవు. మనీషాకు చేస్తే, నాయిన స్నానం చేస్తుండు వదినా అంటుంది. మూడేళ్ళుగా స్నానం చేస్తున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. అందుకే కాగితం పట్టుకున్నాను. కాగితానికి స్నానం సాకు చెప్పలేవు కదా. దీంతోపాటు ఒక మెమరీ కార్డు కూడా పెడుతున్నాను. మనీషా కంప్యూటర్లో పెట్టి చూపిస్తుంది. ముందు ఉత్తరం పూర్తిగా చదివి, ఆ తర్వాతే కార్డు చూడు.

ఇంటి కబుర్లు చెబుతాను. అమ్మకు మోకాళ్ళ నొప్పులు తగ్గలేదు. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడని, మెట్లెక్కి మరీ మిద్దె మీద కందులు ఆరబోస్తోంది. నాన్న బాగున్నాడు. ఈమధ్య కళ్ళద్దాలు పెట్టుకునే కళ్ళద్దాలు వెతుకుతున్నాడు. ఈ ముక్క రాస్తుంటే పక్కన మంచం మీద నుంచి, గది గూడ రాయాల్నా అని కసురుకున్నాడు. ఏం రాసినా పైకి చదివి వినిపించాలని అమ్మ షరతు పెట్టింది. కాబట్టి రాస్తూ చదువుతున్నాను, ఇద్దరూ వింటున్నారు. నా స్టూడియో సంగతి నీకు తెలిసిందే. అందరి చేతిలో ఫోన్లు వచ్చాక పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్ళిళ్ళు, అంతే మిగిలాయి.

ఇక అసలు సంగతి. మొన్న శివరాత్రి తెల్లారి అమావాస్య వచ్చింది కదా. అమావాస్య నాడు ఇక్కడ బండల మిషన్లు నడపరని నీకు తెలియనిది కాదు. బషీరాబాద్ రోడ్డులో బండలు పాలిష్ పట్టే షెడ్డు వాళ్ళు, మిషన్లు ఎట్లాగూ బంద్ ఉంటాయి, పగటిపూట బుర్రకథ చెప్పమని నాన్నను పిలిచారు. ఏ కథ కావాలంటే, నాన్న పేరు పెట్టి మరీ, కిష్టయ్య బాయి కథే కావాలన్నారట. ఆ మాటకు నాన్న రెండు రోజులు తల దువ్వుకున్నాడు.

బాయి కథ నాన్న సొంతంగా కట్టింది. కరువులో అన్నాతమ్ముడూ బండ పగలగొట్టుకుంటూ బాయి తవ్వుతారు, అందరూ నవ్విపోతారు, చివరికి నీళ్ళు పడతాయి. చెప్పుకుంటే ఇంతే కథ. కానీ ఆ నీళ్ళు పడే పాట దగ్గర కళ్ళు తుడుచుకోని మనిషిని నేను చూడలేదు. అది ఎక్కడా రాసి లేదు. నాన్న నోట్లో ఉంది, ముప్పై ఏళ్ళు పక్కన నిలబడ్డావు కాబట్టి నీ నోట్లో ఉంది. అమ్మకు ఆ దిగులు పట్టుకుంది. ఊరందరి పెళ్ళిళ్ళు దించుతవు, మీ నాయిన కథ ఒక్కటి దించిపెట్టరాదా బిడ్డా, రేపు ఆయన గొంతు పోయినంక ఎవల నోట వింటం అని నా ప్రాణం తీసింది.

నేను ఫోటోలు తీసేదాన్నే, వీడియోలు తీసేదాన్ని కాదు అని మొత్తుకున్నాను. నా కెమెరాలో వీడియో కూడా వస్తుంది, నిజమే. ఉల్లిగడ్డలు కోసే కత్తితో గడ్డం కూడా గీసుకోవచ్చు, చెంపలు మిగిలితే చాలు. అయినా అమ్మ మాట కాదనలేక ఎత్తుకుపోయాను.

అక్కడ నా తిప్పలు విను. ఫోటోలు తీసేవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. నిలబడ్డ మనిషి కనబడితే చాలు, చేయి తనంతట తానే కెమెరాను నిలువుగా తిప్పేస్తుంది, తలనుంచి కాళ్ళదాకా నిండుగా రావాలని. తంబుర పట్టుకుని నాన్న లేచాడు, నేను తిప్పేశాను. నాన్న ఒక్కడు ఎంత బాగా వచ్చాడో అని మురిసిపోయాను. ఇంటికి వచ్చి టీవీలో పెడితే, నాన్న పక్కకు పడుకుని కథ చెబుతున్నాడు! అమ్మ కాసేపు మెడ వంచి చూసింది, నొప్పి పుట్టి చివరికి తానే మంచం మీద ఒరిగి చూసింది. అదృష్టం బాగుండి నా చేతులు తొందరగానే గుంజాయి. కెమెరాను స్టాండుకు బిగించాను, అప్పుడు అడ్డం అయింది. కుడి పక్క ఎప్పటిలాగే డక్కీతో యోబు కాక, నడుమ నాన్న, ఎడమ పక్క నీ చోట బంట్వారం శివయ్య, ముగ్గురూ పట్టారు.

శివయ్య డక్కీ బాగా వాయిస్తాడు, అబద్ధమెందుకు. హాస్యం చెప్పమంటే మాత్రం కరెంటు బిల్లు చదివినట్టు చెబుతాడు. జనం నవ్వక ముందే అతనే చెమటలు తుడుచుకుంటాడు. మంచివాడు, ఏమీ అనబుద్ధి కాదు.

తమ్ముడు గడ్డపార ఎత్తే ఘట్టంలో నాన్న చేయి పైకి లేపాడు. వెనక తెల్లటి బండపొడి, మీద ఎండ. నా వేలు ఊరుకుంటుందా? అలవాటు కొద్దీ ఫోటో నొక్కింది. ఫోటో వచ్చింది, వీడియో ఆగిపోయింది. ఇంకోసారి గడ్డపార ఎత్తు నాన్నా అని అడిగితే, తాళి కట్టిన పిల్లగాన్ని గూడ మళ్ళొక్కపారి కట్టుమంటవా అని మైకులోనే అడిగాడు. అంటాను మామా. ప్రతి పెళ్ళిలోనూ అంటాను.

ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసింది. ఈ కెమెరా అరగంట కాగానే ఎవరికీ చెప్పకుండా తానే ఆగిపోతుంది. నడుస్తున్నంతసేపు వెనక తెర మీద ఒక ఎర్రచుక్క ఉంటుంది, ఆగితే చుక్క పోతుంది, మళ్ళీ నొక్కాలి. నేను కథలో పడి చుక్కను చూడటం మరిచిపోయాను. చూసేసరికి చుక్క లేదు. లబోదిబోమంటే, దానికి గూడ జర దమ్ము తీసుకోనియ్యుండ్రి అని యోబు కాక నవ్వి, నేను నొక్కేదాకా డక్కీ వాయిస్తూ ఆ చరణమే తిప్పి తిప్పి పాడాడు. జనానికి కూడా ఈ ఆట నచ్చింది. చుక్క వచ్చిందా అక్కా అని వాళ్ళే అడగసాగారు.

అట్లా అట్లా నీళ్ళు పడే చోటికి వచ్చాం. బాయి అడుగున అన్న బండకు చెవి పెట్టి వింటాడు చూడు, అక్కడ. షెడ్డులో చిన్న చప్పుడు లేదు. నేను చేయి పైకెత్తి, ఆగుండ్రి, కెమెరా బందైంది, జర ఆగుండ్రి అని గొంతు చించుకుని అరిచాను.

ఇక చూడు తిట్లు. కన్నడం మాట్లాడే ఆడవాళ్ళు ముందు వరుసలో ఉన్నారు. వాళ్ళు ఏమన్నారో అర్థం కాలేదు గానీ రాగం మాత్రం బాగా అర్థమైంది. షెడ్డు యజమాని, ఫోటోలు దించేదానితోని వీడియో తీస్తే గిట్లనే ఉంటది అని అందరికీ వినబడేట్టు అన్నాడు. నేను బటన్లు నొక్కుతూ, కార్డు తీసి పెడుతూ, చెమటలు కక్కుతూ కొంతసేపు గడిపి, ఇక కానివ్వండి అన్నాను. అప్పటికి నాన్నకు విసుగొచ్చింది. ఎన్నిసార్లని చెప్పాలె, నీళ్ళు పడ్డయి, తాగి పోండ్రి అని తంబుర మీటి మంగళం పాడేశాడు. జనం నవ్వుతూ లేచారు. నన్ను తిడుతూ లేచారు అనడం సబబు.

కాబట్టి నా వీడియోలో బాయి తవ్వుతారు, తవ్వుతారు, నీళ్ళు మాత్రం పడవు. అప్పటినుంచి తాండూరులో తలెత్తుకు తిరగలేకుండా ఉన్నాను. కూరగాయలామె కూడా కొత్తిమీర కట్ట ఇస్తూ, ఏమమ్మా, బాయిల నీళ్ళు పడ్డయా అని అడుగుతోంది. ఇది చదువుతుంటే నాన్న మధ్యలో కల్పించుకుని, పిల్లను అనకుండ్రి, కెమెరా ఆగితే అదేం చేస్తది అన్నాడు. సరిగ్గా ఆ మాటే రాయమన్నాడు, రాశాను.

ఉగాది ముందు కొత్త అమావాస్యకు అదే షెడ్డులో మళ్ళీ చెప్పమంటున్నారు. నీళ్ళు పడేదాకా వదలరట. నువ్వు రావాలి మామా. చుట్టపుచూపుగా కాదు, డక్కీ పట్టుకుని రావాలి.

మూడేళ్ళ కింద పరిగిలో జరిగింది మళ్ళీ తవ్వుకోవడం నాకూ ఇష్టం లేదు, కానీ దాన్ని దాటి రాయలేను. నాన్న కథ మంచి పట్టు మీద ఉండగా, అదే బండకు చెవి పెట్టే చోట, నువ్వు అడ్డం దూరి, బావా ఆకలైతుంది, మా అక్క రొట్టెలు కట్టి పంపిందా అన్నావు. జనం విరగబడి నవ్వారు. నాన్న మొహం కందగడ్డ అయింది. నా కథను నవ్వులపాలు చేసినవ్, ఇగ నా పక్కన నిలబడకు అని అందరి ముందూ అన్నాడు. నువ్వు డక్కీ కింద పెట్టి వికారాబాద్ బస్సెక్కావు. తప్పు నీదేనని అప్పుడు అందరితోపాటు నేనూ అనుకున్నాను. ఆరోజు మీరిద్దరూ ఎదురెదురుగా చూసుకుంటున్న ఫోటో నేనే తీశాను. నాన్న కళ్ళు ఇంతింత పెద్దవి చేసుకుని నిన్ను చూస్తున్నాడు. స్టూడియోకు వచ్చినవాళ్ళంతా దాన్ని కొట్లాట ఫోటో అంటారు. గోడ మీద నుంచి తీసెయ్యమని అమ్మ ఎన్నిసార్లు పోరిందో. ఫోటో బాగా కుదిరింది, తీయబుద్ధి కాలేదు.

ఈ ముక్క చదువుతుంటే నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను. కాసేపటికి అటే తిరిగి ఉండి, నేను రమ్మన్ననని రాయకు, వస్తే మాత్రం వద్దనను అని రాయి అన్నాడు. నాన్న నోట ఇది ఎంత పెద్ద మాటో నీకంటే ఎవరికి తెలుసు! అమ్మయితే ఒక్కటే రాయమంది. మీ అక్క ఇంద్రమ్మ నువ్వులు అద్దిన సజ్జరొట్టెలు చేసి పెడుతుందట. ఆకలైతుందని కథ మధ్యలో అడుక్కోవాల్సిన పని లేదట.

అత్తమ్మకు నమస్కారాలు. మనీషాకు నీ స్నానం అయిపోయిందని చెప్పు.

నీ రాకకై కళ్ళలో ఒత్తులు వేసుకుని,
నీ మేనకోడలు
స్నేహలత

తా.క.: పైన రాసిందంతా అమ్మా నాన్నా విన్నారు. ఇది వినలేదు. కవరు అంటించే ముందు స్టూడియోలో ఒక్కదాన్నే కూర్చుని రాస్తున్నాను. కార్డులో రెండు వీడియోలు ఉన్నాయి. మొదటిది అందరికీ చూపించినది, మనీషాతో కలిసి చూడు. రెండోది చిన్నది, కోసి దాచింది. అది మనీషాను పక్క గదిలోకి పంపి చూడు.

అందులో నాన్న బండకు చెవి పెట్టినట్టు వంగుతాడు. లేస్తాడు. నోరు తెరుస్తాడు. మాట రాదు. యోబు కాక డక్కీతో అందిస్తాడు. రాదు. మళ్ళీ అందిస్తాడు. నాన్న మెల్లగా ఎడమ పక్కకు తిరుగుతాడు. అక్కడ శివయ్య తల వంచుకుని తన డక్కీ చూసుకుంటున్నాడు. నాన్న కళ్ళు ఇంతింత పెద్దవి చేసుకుని అటే చూస్తూ ఉంటాడు. అప్పుడు నా గొంతు వినబడుతుంది, ఆగుండ్రి, కెమెరా బందైంది అని.

ఆగిపోయిన కెమెరాలో నా అరుపు ఎట్లా పడుతుంది మామా? ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది. ఆగింది నాన్న.

ఎందుకు అరిచానో అప్పుడు నాకే తెలియదు. నాన్న ముఖం అట్లా ఉండగా అంతమంది చూడకూడదు అనిపించింది, అంతే. అంతకుముందు కెమెరా నిజంగానే రెండుసార్లు ఆగింది కాబట్టి అందరూ నమ్మారు. నాన్న నమ్మాడో లేదో తెలియదు. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో తంబుర ఒళ్ళో పెట్టుకుని, కెమెరా నిజంగనే ఆగిందా బిడ్డా అని అడిగాడు. ఆగింది నాన్నా అన్నాను. కొంచెం దూరం పోయాక, నర్సిగాడుంటే నవ్విస్తుండె అన్నాడు. నాతో కాదు, బయటికి చూస్తూ.

ఆ రాత్రి స్టూడియోలో ఈ ముక్క కోస్తుంటే, ఆ ముఖం ఇంతకుముందు ఎక్కడో చూశాననిపించింది. తలెత్తితే గోడ మీద ఉంది. అవే కళ్ళు, అదే తిరగడం. పరిగి ఫోటోలన్నీ వరుసగా తెరిచాను. కొట్లాట ఫోటో ముందుంది. జనం నవ్వుతున్న ఫోటో దాని తర్వాత ఉంది. అంటే నువ్వు రొట్టెల మాట అనక ముందే నాన్న నీవైపు తిరిగాడు. కోపం రావడానికి అప్పటికింకా ఏమీ జరగలేదు. ఆయన నిన్ను కొట్టేట్టు చూడటం లేదు మామా, మాట మరిచిపోయి నిన్ను అడుగుతున్నాడు. ఒక్క ఫోటోలో అది కోపంలాగే ఉంటుంది. వీడియోలో కదిలే ముఖం చూశాక గానీ నాకు తెలియలేదు.

నువ్వు అప్పుడే చూశావు. జనాన్ని నవ్వించి ఆయన్ని దాచావు. తిట్లు తిన్నావు, ఒక్కరికీ చెప్పకుండా బస్సెక్కావు. ఫోన్ ఎత్తకపోతే అలక అనుకున్నాం. ఎత్తితే ఎందుకట్లా చేశావని మా అమ్మ అడుగుతుందని, అడిగితే అబద్ధం చెప్పలేవని కదా? ఇది రాస్తుంటే నాకు ఏడుపు ఆగడం లేదు. నీ మీద కోపం కూడా వస్తోంది. నాకైనా చెప్పాల్సింది.

పరిగిలో నువ్వు చేసిన పని ఇక్కడ నేను ఒక్కసారి చేసి ఊరందరి చేత మాటలు పడుతున్నాను. ఒక్కసారికి సరే. ప్రతిసారీ కెమెరా ఆగిందంటే కెమెరా మార్చమంటారు. నాకు హాస్యం రాదు, నీళ్ళు పడే పాటా రాదు. ఆ రెండూ నీకు వచ్చు. నాన్నకు రానప్పుడు నువ్వు అందుకో, నవ్వించాల్సి వస్తే నవ్వించు, ఈసారి ఆయన ఏమన్నా అంటే నేను చూసుకుంటాను.

శివయ్యతో మాట్లాడాను. తాను కుడివైపు, యోబు కాక దగ్గరికి జరుగుతానని బతికిపోయినట్టు ఒప్పుకున్నాడు. ఎడమ పక్క ఖాళీగా ఉంటుంది. కెమెరాను మొదటినుంచే స్టాండుకు బిగించి అడ్డంగా పెడతాను. నిలువుగా పెడితే నాన్న ఒక్కడే పడతాడు.